బొమ్మ సిపాయి - ప్రాణం విలువ

ఆ రోజు అస్ర్ నమాజు ముగించుకొని మస్జిదు అరుగు మీద కూర్చున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడొకడు చెప్పుల డబ్బా ఒకటి రెండు చేతులా పట్టుకొని వచ్చాడు. వెనకాలే అతని తండ్రి. సలాం చేసి ఇద్దరూ కూర్చున్నారు. తండ్రిగారే ముందు నోరు విప్పారు.

"మౌలానా సాబ్! వీడికి మంచి ఉద్యోగముంది. రేపోమాపో నికాహ్ చేయాలి. ఇంకా బొమ్మలు ముందేసుకొని కూర్చుంటాడు. బొమ్మలున్న ఇంట్లోకి రహ్మత్ ఫరిష్తాలు రారని మీరే కదా జుమా బయాన్‌లో చెప్పారు! మొన్న వీటన్నిటినీ పగలగొట్టబోయాను. వాళ్ళమ్మ అడ్డుపడింది. జాయెజో నాజాయెజో మీరే ఒక్క ముక్కలో తేల్చేయండి."

యువకుడు మూత తీశాడు. లోపల దూది పరచి ఉంది. దాని మీద పదకొండు మంది సిపాయిలు. ఒక్కొక్కరు నా చిటికెన వేలంత. చొక్కా ముడతలు, బూట్లకంటిన బురద, నడుముకున్న నీళ్ళ సీసా, అన్నీ ఉన్నాయి. దాచుకోవడమెందుకు, నా నోట ముందు వచ్చిన మాట 'సుబ్‌హానల్లాహ్'. ఆ మాట ఎవరి పనితనం చూసి అన్నానా అని మరుక్షణమే సిగ్గుపడ్డాను.

ఒక వారం గడువు అడిగాను. ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదనిపించింది. ఆ వారంలో నేను చదివినదీ, ఆలోచించినదీ పాఠకుల ముందుంచుతున్నాను. మన ఇళ్ళలో ఇలాంటి బొమ్మలు ఉన్నా లేకున్నా ఈ ప్రశ్న మనందరికీ సంబంధించినదే.

ఇది ఎలాంటి పని?

మనకు బొమ్మలంటే కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు గుర్తుకొస్తాయి. ఈ సిపాయి బొమ్మల సంగతి వేరు. అసలు మనిషిని, అసలు దుస్తులను, అసలు ఆయుధాన్ని ఒకే నిష్పత్తిలో తగ్గించి తయారుచేస్తారు. 1893లో లండన్‌లోని విలియం బ్రిటన్ సంస్థ సీసంతో లోపల డొల్లగా ఉండే సిపాయిలను పోతపోసే పద్ధతి కనిపెట్టింది. లోహం తక్కువ పట్టడంతో ధర తగ్గింది. సామాన్యుల పిల్లల చేతుల్లోకి కూడా సైన్యాలు వచ్చాయి. సీసం విషమన్న కారణంగా 1960లలో ఆ పోత ఆగిపోయింది. దాని స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది.

నేడు ఎక్కువ మంది వాడే నిష్పత్తి 1:35. అది పుట్టిన తీరు విచిత్రంగా ఉంటుంది. జపానులోని షిజువోకాలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా సంస్థ తరువాత బొమ్మల తయారీకి మళ్ళింది. 1960ల మొదట్లో జర్మన్ పాంథర్ ట్యాంకు నమూనా చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేటట్లు దాని కొలత నిర్ణయించారు. తరువాత లెక్కవేస్తే అది అసలు ట్యాంకులో 35వ వంతు అని తేలింది. బ్యాటరీ కోసం ఏర్పడిన ఆ కొలతే ప్రపంచానికి ప్రమాణమైంది. ఆ లెక్కన 175 సెంటీమీటర్ల మనిషి 5 సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు. ఇంకో వాడుక నిష్పత్తి 1:72. అందులో అదే మనిషి రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండడు.

కాళ్ళు, చేతులు, తల వేరువేరు ముక్కలుగా ఒక చట్రానికి అతుక్కొని వస్తాయి. వాటిని కత్తిరించి, అచ్చు గీతలు గీకి, అంటించి, ముందు ఒక పూత వేసి ఆరనిస్తారు. తరువాతే రంగులు. వస్తువు చిన్నదైతే దాని మీద పడే నీడలు కంటికి ఆనవు. అందుకని నీడను కూడా రంగుతోనే వేయాలి. నీళ్ళలా పలచన చేసిన ముదురు రంగు చొక్కా ముడతల్లోకి దిగేలా పూస్తారు. దాదాపు ఆరిపోయిన కుంచెతో ఎత్తైన అంచుల మీద లేత రంగు అద్దుతారు. అన్నిటికంటే కష్టమైనది ముఖం. అందులోనూ కళ్ళు. ఒక్క సిపాయికి ముప్పై నలభై గంటలు పడుతుందని ఆ యువకుడు చెప్పాడు.

ధర్మశాస్త్రం ఏమంటుంది?

ప్రాణుల రూపాలను తయారుచేసేవారిని ప్రళయదినాన మీరు చేసినదానికి ప్రాణం పోయండి అని ఆదేశించడం జరుగుతుందనీ, వారు పోయలేరనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు ప్రామాణికమైనది. తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. రూపాలు తయారుచేసి పొట్టపోసుకునే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరికి వచ్చి సలహా అడిగినప్పుడు, ఆయన ఈ హెచ్చరిక వినిపించి, తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చేసుకోమన్నారు.

మరోవైపు, హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారు. వాటిలో రెక్కల గుర్రం ఒకటుంది. దైవప్రవక్త (స) దాన్ని చూసి గుర్రానికి రెక్కలేమిటని అడిగారు. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె జవాబిచ్చారు. ఆయన హాయిగా నవ్వారు. ఆషూరా ఉపవాసం నాడు పిల్లలు ఆకలికి ఏడిస్తే మదీనా తల్లులు ఉన్నితో చేసిన ఆటవస్తువులిచ్చి మరిపించేవారు. ఈ ఆధారాలతోనే అధిక సంఖ్యాక ధర్మవేత్తలు పిల్లల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు.

కొలత విషయం కూడా మన ఫుఖహా దృష్టి దాటిపోలేదు. నేల మీద పెడితే నిలబడిన మనిషికి అవయవాలు విడివిడిగా కనిపించనంత చిన్న రూపం ఉన్నచోట నమాజు మక్రూహ్ కాదని హనఫీ గ్రంథాలలో ఉంది. అయితే ఇది నమాజుకూ, అలాంటి వస్తువు ఇంట్లో ఉండటానికీ సంబంధించిన సడలింపు. తయారుచేయటం వేరే సంగతి. ఎంత చిన్నదైనా పూర్తి ప్రాణి రూపాన్ని చేయకూడదన్నదే హనఫీ పెద్దల మాట. ఈ కాలపు ధర్మవేత్తల్లో కొందరు చదువు చెప్పేందుకు, చరిత్ర చూపేందుకు చేసే నమూనాలను పిల్లల బొమ్మలతో పోల్చి అనుమతించారు. ఆ భిన్నాభిప్రాయాన్ని గౌరవిస్తాను. నా ఉస్తాదుల మార్గం మాత్రం దూరంగా ఉండటమే. బండి, ఫిరంగి, కూలిన గోడ, చెట్టు, వంతెన వంటి వాటి విషయంలో ఏ వివాదమూ లేదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఫత్వా పూర్తవుతుంది. కానీ ఆ వారమంతా నన్ను వేధించిన ప్రశ్న ఇంకొకటుంది. యుద్ధాన్ని ఇంత అందంగా, ఇంత చిన్నదిగా చేసి బల్ల మీద పెట్టుకున్నప్పుడు మనిషి హృదయానికి ఏమవుతుంది?

చేతిలో ఇమిడిన యుద్ధం

1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ సీసపు సిపాయిలతో నేల మీద ఆడే యుద్ధక్రీడకు నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అనే పుస్తకంగా ప్రచురించాడు. ఈ ఆట నాలుగుసార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ వ్యవహారమో తెలిసిపోతుందన్న భావాన్ని ఆ పుస్తకం చివర వెలిబుచ్చాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ మరుసటి ఏడాదే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఇంటి నేల మీద సీసపు సిపాయిలను నిలబెట్టి ఆడుకున్న తరం నుంచే లక్షలాది యువకులు కందకాల్లోకి వెళ్ళారు. ఆట వల్ల యుద్ధం వచ్చిందని నేననటం లేదు. కానీ ఆట దాన్ని ఆపలేదు. పడిపోయిన సీసపు సిపాయిని రేపు మళ్ళీ నిలబెట్టవచ్చు. అసలు యుద్ధానికీ ఆటకూ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది. సరిగ్గా ఆ తేడానే బొమ్మ దాచిపెడుతుంది.

దీనికంటే లోతైన పాఠం విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ సైనికాధికారి జీవితంలో కనిపించింది. 1815లో జరిగిన వాటర్లూ యుద్ధానికి నమూనా చేసే పనిని 1830లో అతనికి అప్పగించారు. అతను ఆ యుద్ధభూమికి వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉండి నేలను కొలిచాడు. యుద్ధంలో పాల్గొని బతికి ఉన్న అధికారులకు ఉత్తరాలు రాసి, ఆ సాయంత్రం మీ దళం ఎక్కడుంది, ఎదురుగా ఎవరున్నారు అని అడిగాడు. వందలాది జవాబులు వచ్చాయి. మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేసింది. అప్పులు చేసి పని సాగించాడు. 1838లో లండన్‌లో నమూనాను ప్రదర్శనకు పెట్టాడు. అందులో 70 వేలకు పైగా చిన్న చిన్న లోహపు సిపాయిలున్నారు.

చిక్కంతా ప్రష్యా సైన్యం దగ్గర వచ్చింది. గెలుపులో ప్రష్యావారి పాత్ర ఎక్కువగా కనిపిస్తున్నదని సేనాని వెల్లింగ్టన్ పక్షం వారికి కంటగింపయింది. తనకు అందిన సాక్ష్యాల ప్రకారమే వారిని నిలబెట్టానన్నది సైబోర్న్ వాదన. అప్పులు పెరిగాయి, పెద్దల అండ పోయింది. చివరికి తన నమూనాలోని ప్రష్యా సిపాయిల సంఖ్యను తానే తగ్గించుకున్నాడు. ఆ నమూనా ఇప్పుడు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది.

నాకిది బొమ్మల కథలా అనిపించలేదు, షహాదత్ కథలా అనిపించింది. సాక్ష్యం చెప్పవలసి వస్తే మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం మీద నిలబడమని దివ్యఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశించింది. గతాన్ని నమూనాగా చేసేవాడు కూడా సాక్షియే. అంగుళంలో సగం కూడా లేని లోహపు ముక్కను బల్ల మీది నుంచి తీసేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ ఒక ముక్కతో పాటు ఎందరి శ్రమ, ఎందరి నెత్తురు చరిత్రలో కనిపించకుండా పోతాయో!

అబద్ధం మరో దారిలో కూడా వస్తుంది. ఈ నమూనాల్లో హిట్లర్ కాలపు జర్మన్ సైన్యానికి చాలా ఆదరణ ఉంది. ఆ దుస్తుల కోత, ఆ బిళ్ళలు కుంచె పట్టినవారిని ఆకర్షిస్తాయి. స్వస్తిక చిహ్నాన్ని బహిరంగంగా వాడటాన్ని జర్మనీ చట్టం నిషేధించింది. అందుకే అక్కడ అమ్మే పెట్టెల్లో ఆ గుర్తును తొలగిస్తారు, లేదా ముక్కలుగా ఇస్తారు. గుర్తు తీసేసినా దుస్తులు మిగులుతాయి. లక్షల మంది అమాయకులను చంపిన వ్యవస్థ దుస్తులవి. వాటి బొత్తాలకు వెండి రంగు అద్దుతూ నలభై గంటలు గడిపేవాడు ఒక్క గంటైనా ఆ చనిపోయినవారి గురించి చదివాడా? చదివితే అతని పని వేరుగా ఉంటుంది. చదవకపోతే దౌర్జన్యపరునికి ఇస్త్రీ చేసి పెట్టినవాడవుతాడు.

యువకుని జవాబు

వారం తరువాత ఆ యువకుడు ఒంటరిగా వచ్చాడు. ఇవన్నీ అతని ముందు పెట్టాను. ఓపిగ్గా విన్నాడు. తరువాత అతనన్న మాట నన్ను ఆపేసింది.

"హజ్రత్, మీరన్నది నిజమే. కానీ నా విషయంలో ఉల్టా జరిగింది. చిన్నప్పుడు సినిమాల్లో వందల మంది పడిపోతుంటే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఈ పని మొదలుపెట్టాక కొట్టలేకపోతున్నాను. ఒక్కడి చేతివేళ్ళు వేయటానికే ఒక సాయంత్రం పడుతుంది. ఇంత కష్టపడితే వచ్చేది ప్రాణం లేని ప్లాస్టిక్ ముక్క. మరి అసలు మనిషి?"

నేను వెంటనే జవాబివ్వలేదు. మదర్సాలో ఆ హదీసును ఎన్నిసార్లు చదివానో! దానికి ప్రాణం పోయండి అన్న ఆదేశాన్ని శిక్షగానే అర్థం చేసుకున్నాను. అందులో ఒక పాఠం కూడా ఉందని ఈ యువకుని మాటతో తట్టింది. మనం చేయగలిగినది రూపం వరకే. నలభై గంటలు కూర్చుంటే అయిదు సెంటీమీటర్ల రూపం వస్తుంది. అందులో ఊపిరి రాదు. ఊపిరి ఇచ్చేవాడు ఒక్కడే. మనం ఇవ్వలేనిదాన్ని తీసే హక్కు మనకెక్కడిది? అన్యాయంగా ఒక్క ప్రాణాన్ని తీసినవాడు సమస్త మానవాళినీ చంపినవాడితో సమానమని దివ్యఖుర్ఆన్ చెప్పింది అందుకే కదా!

మన ధర్మం యుద్ధాన్ని ఆటగా ఎన్నడూ చూడలేదు. శత్రువును ఎదుర్కోవాలని కోరుకోవద్దనీ, అల్లాహ్‌ను క్షేమం వేడుకోమనీ, ఎదుర్కోక తప్పనప్పుడు మాత్రం స్థిరంగా నిలబడమనీ దైవప్రవక్త (స) బోధించారు. స్త్రీలను, పిల్లలను చంపటాన్ని నిషేధించారు. సాటి సోదరుని వైపు హాస్యానికైనా ఆయుధం చూపవద్దన్నారు. అదే సమయంలో, పండుగ నాడు మస్జిదులో హబషీలు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే ఆపలేదు. అంటే నేర్పును కాదనలేదు, ప్రాణం పట్ల నిర్లక్ష్యాన్ని కాదన్నారు.

ఇదంతా చెప్పి, "నీ నియ్యత్ మంచిదే. కానీ మంచి నియ్యత్ ఒక్కటే పనిని ధర్మబద్ధం చేయదు. హెచ్చరిక హెచ్చరికగానే ఉంటుంది" అన్నాను. అప్పుడతను జేబులోంచి ఒక చిన్న బొమ్మ తీశాడు. పన్నెండో సిపాయి. ముఖానికి రంగు వేయలేదు.

"ఇది మా దాదా. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా సరిహద్దుకు వెళ్ళి వచ్చారు. ఇంట్లో ఒక్క ఫోటో ఉంది. అక్కడేం జరిగిందో అబ్బాకి కూడా ఎప్పుడూ చెప్పలేదట. మూడేళ్ళ నుంచి ప్రయత్నిస్తున్నాను. కళ్ళు వేయలేకపోతున్నాను. ఏం చూశారో తెలియనప్పుడు ఎలా వేయను?"

ఆ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మందికి పైగా పనిచేశారు. 87 వేల మందికి పైగా చనిపోయారు. మన తెలుగు ఊళ్ళ నుంచి కూడా వెళ్ళారు. తిరిగి వచ్చినవారిలో చాలామంది ఇలాగే ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు.

"ఆ కళ్ళు వేయకు బేటా" అన్నాను. "నీ చేయి ఎందుకు ఆగిందో నీకే తెలుసు. అక్కడే ఆగిపో."

పగలగొట్టాలా?

తండ్రిగారికి కూడా ఒక మాట చెప్పవలసి వచ్చింది. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో రూపాలున్న తెర వేలాడుతుంటే దైవప్రవక్త (స) అయిష్టపడ్డారు. తెర తొలగిపోయింది. కానీ ఆ గుడ్డ వృధా కాలేదు. హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని కత్తిరించి దిండ్లుగా కుట్టుకున్నారు. తప్పును తీసివేయటం ఎలాగో ఇందులో ఉంది. రూపం పోవాలి, గుడ్డ మిగలాలి. కొడుకు చేతిలోని నేర్పు ఆ గుడ్డ వంటిది. కోపంతో సుత్తి తీసుకుంటే బొమ్మలతో పాటు కొడుకు మనసూ పగులుతుంది. రేపు అతను ధర్మం మాట వినడు, సుత్తి చప్పుడే గుర్తుంచుకుంటాడు.

కొడుకుకు నేను చెప్పినది ఇంతే. ముఖాలున్న మనుషులను చేయటం మానుకో. నేలను చెయ్యి, చెట్టును చెయ్యి, కూలిన ఇంటిని చెయ్యి. చేసేది ఏదైనా అబద్ధం చెప్పనివ్వకు. ఈ పని కోసం నమాజు ఆలస్యమైతే, ఇంట్లో అవసరాలుండగా డబ్బు పెట్టెల మీద పోతే, మంచి పని కూడా చెడ్డదవుతుంది. పదిమంది మెచ్చుకోవాలని చేయకు. శూరుడని పిలిపించుకోవటానికి పోరాడినవానికే పరలోకంలో ప్రతిఫలం లేదంటే, శూరుని బొమ్మకు మెప్పు కోరేవాని సంగతి ఆలోచించు.

కొన్ని నెలల తరువాత వారింటికి భోజనానికి పిలిచారు. గదిలో సిపాయిలు లేరు. ఒక చెక్క మీద మట్టి దారి, వానకు తడిసిన వెదురు పొద, దాని పక్కన ఒక జత ఖాళీ బూట్లు, ఒక నీళ్ళ సీసా. అంతే. మనిషి లేడు.

తండ్రిగారు ఆ చెక్కకు అడ్డంగా కూర్చొని నాకు దస్తర్‌ఖాన్ పరుస్తూ, "మా అబ్బా బూట్లు చాలా రోజులు అటక మీద ఉండేవి మౌలానా సాబ్. నన్ను తాకనిచ్చేవారు కాదు" అన్నారు. కొడుకు చేతిలోని పళ్ళెం అలాగే పట్టుకొని నిలబడిపోయాడు. ఈ మాట అతను మొదటిసారి వింటున్నాడు.

"ఇంకేమైనా గుర్తుందా అబ్బా?" అని అడిగాడు.

సోదర సోదరీమణులారా! మన పిల్లల చేతుల్లో ఇప్పుడు ప్లాస్టిక్ సిపాయిల కంటే ఫోన్లలోని సిపాయిలే ఎక్కువ. అక్కడ ఒక మనిషిని పడగొట్టడానికి వేలు కదిపితే చాలు. మరుక్షణం అతను లేచి నిలబడతాడు. ఆ ఆట ముందు కూర్చున్న పిల్లవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: పడిపోయినవాడికి అమ్మ ఉందా? కసరకుండా, నవ్వుతూ అడగండి. జవాబు కోసం తొందరపెట్టకండి. తరువాత మీ ఇంట్లో పెద్దలు చూసినవి, పడినవి వాళ్ళకు చెప్పండి. అవి చెప్పేవారు లేకపోతే పిల్లలు బొమ్మలనే నమ్ముతారు.

ప్రాణం పోసేవాడు, తీసేవాడు అల్లాహ్ మాత్రమేనన్న సత్యాన్ని మన చేతులకు, మన పిల్లల చేతులకు ఆయన గుర్తుచేస్తూ ఉండుగాక! ఆమీన్.